సోరే దాటినవాడు

బువార్,
2008 మార్చి 3

బర్నబే,

ముందు నీ ఆరోగ్యం అడుగుతున్నాను, తిట్లు తర్వాత. దగ్గు తగ్గిందా? పోయినసారి పంపిన తేనె తాగావా, లేక గరువా-బులాయి లారీ స్టాండులో ఎవరికైనా అమ్ముకున్నావా?

పెద్దమ్మ కొడుకు తోమా సంగతి విన్నావో లేదో. బబువాకి ఇవతల దారిదొంగలు వాడి లారీ ఆపారు. సరుకు పోయింది, టైర్లు పోయాయి, చివరికి చొక్కా ప్యాంటు కూడా విప్పించి లోపలి గుడ్డతో ఊళ్ళోకి నడిపించారు. ఆ రోజు సంత. ఆడవాళ్ళందరూ చూశారట. ఇప్పుడు వాడు దొంగల కంటే బబువా ఆడవాళ్ళకే ఎక్కువ జడుస్తున్నాడు. నవ్వొస్తుంది గానీ, వాడి వెనక లారీ డ్రైవరు ప్రాణంతో లేడు.

అందుకని చెప్తున్నా, చెవులు అప్పగించి విను. ఒంటరిగా బయల్దేరకు, కనీసం మూడు లారీలు కలిసి కదలండి. ఎప్పుడు బయల్దేరేదీ కల్లు దుకాణంలో వాగకు, అక్కడ సగంమంది చెవులు అద్దెకిచ్చినవే. సైనికుల గేటు దగ్గర నల్లకళ్ళద్దాలు తీసి, పళ్ళు కనపడేలా నవ్వు. నీకు నవ్వడం రాదు, నాకు తెలుసు, నేర్చుకో. ఇక బబువా దాటితే బువార్ వచ్చేదాకా ఎవరి కోసమూ ఆగకు. ఎవరు చెయ్యి ఊపినా ఆగకు. రోడ్డు మీద కొమ్మలు పరిచి ఉన్నా సరే, ముందు లారీ చెడిపోయి ఉందని జాలిపడకు. ఇప్పుడా కొమ్మలు దొంగలే పరుస్తున్నారు. తొక్కించుకుని వచ్చెయ్.

అమ్మ పోయినప్పుడు నీకు పదకొండు నెలలు. నా వీపున గుడ్డతో కట్టుకుని కర్రపెండలం దంచాను, నీ తల నా వెన్నుకి కొట్టుకుంటుంటే. నీకేమన్నా అయితే నేనిక ఎవర్ని తిట్టుకుంటూ బతకాలి?

ఈ ఉత్తరం తెచ్చినవాడికి అన్నం పెట్టి పంపు.

నీ అక్క,
యులాలీ

*

గరువా-బులాయి,
2008 మార్చి 21

అక్కకి,

దండాలు. క్షేమంగా వెళ్ళాను, క్షేమంగా తిరిగొచ్చాను. నువ్వు చెప్పినట్టే మూడు లారీలం కలిసి వెళ్ళాం. బబువా నుంచి బువార్ దాకా ఎక్కడా ఆగలేదు. ఎవరి కోసమూ ఆగలేదు. కొమ్మలు కనపడినా ఆగలేదు. నువ్వు చెప్పావు కదా.

మీ ఊరి మీదుగానే పోయినా ఇంటికి రాలేకపోయాను. మిగతావాళ్ళు తొందరపెట్టారు. కోపగించుకోకు.

నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు. ఎండుచేప పడలేదనుకుంటా. దగ్గు తగ్గింది.

నీ తమ్ముడు,
బర్నబే

*

బువార్,
2008 ఏప్రిల్ 2

బర్నబే,

నా గడప ముందు నుంచి లారీ తోలుకుపోయి మంచినీళ్ళు తాగడానికి కూడా దిగవా? ఎండుచేప పడక కాదు, అక్క ఉసురు తగిలి సయించడం లేదు. సరే, ప్రాణంతో ఉన్నావు, అది చాలు.

నీ ఉత్తరం ఏం చేశానో తెలుసా? ఆదివారం ప్రార్థన అయ్యాక ఫాదర్ గారిని అడిగి అందరి ముందూ చదివాను. మా పేటలో డ్రైవర్లు పదిమంది ఉన్నారు, ఒక్కడూ మాట వినడు. "చూడండ్రా, మా బర్నబేని చూసి నేర్చుకోండి. ఎక్కడా ఆగలేదు, ఎవరి కోసమూ ఆగలేదు. అందుకే వాడక్క ఇవాళ నల్లగుడ్డ కట్టుకోలేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. గర్వంగా నీ ఉత్తరం మళ్ళీ పైకెత్తి చూపించాను.

అప్పుడు వెనక బెంచీ మీంచి దోకో అవ్వ లేచింది. ఈవిడెవరో నీకు చెప్పలేదు కదూ. మార్చి పదమూడున నేను కాన్పులు చేసే ఆసుపత్రికి ఒక తోపుడుబండి మీద పెలాజీ అనే పిల్లని తెచ్చారు. తొలిచూలు, నొప్పులు మొదలై రెండు రోజులైంది. బిడ్డ దారిలోనే పోయింది. ఆడపిల్ల. పెలాజీని బతికించడానికి మోచేతుల దాకా నెత్తురుతో పనిచేశాను. ఆ పిల్ల తల్లే ఈ దోకో అవ్వ. బబువాకీ బువార్‌కీ మధ్య బెదోవా వాళ్ళ ఊరు. ఇన్నాళ్ళూ కూతురి మంచం కింద చాప వేసుకుని పడుకుంది, మాతో నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేదు.

లేచి ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నా. "మేం ఇక్కడికి చేరిన ముందు రోజు, మిట్టమధ్యాహ్నం. అల్లుడి సైకిలు గొలుసు తెగింది. నా బిడ్డ రోడ్డు పక్కన పడి ఉంది. లారీలకి చెయ్యి ఊపాను, రెండు పోయాయి. మూడోదానికి సోరే కొమ్మ విరిచి రోడ్డుకడ్డంగా పెట్టాను. పెట్టి పక్కకి తప్పుకుని నుంచున్నాను. వాడు దాన్ని తొక్కించుకుపోయాడు."

కత్తులు దూసుకున్నవాళ్ళ మధ్య సోరే కొమ్మ పడేస్తే శాంతి అని కత్తులు దించిన జాతి మన గ్బాయాలది. దాన్ని లారీతో తొక్కినవాడు ఎవడు? వాణ్ణి కన్న కడుపేది?

అవ్వ నా చేతిలో నీ ఉత్తరం వైపు చూసి, "ఆకుపచ్చ టార్పాలిన్ లారీ" అంది. నాకు ఒళ్ళు మండింది. "అవ్వా, ఆకుపచ్చ టార్పాలిన్లు వంద ఉంటాయి. నా తమ్ముడు గ్బాయా బిడ్డ. మా అమ్మ సమాధి మీద ఒట్టు, వాడు కాదు" అన్నాను. ఆవిడ కూర్చుంది. పాపం, ముసలిది, కడుపుమంటలో ఉంది, నేనంత కసురుకోవాల్సింది కాదు.

ఇప్పుడు నీకో పని. మీ స్టాండులో అందరూ అందరికీ తెలుసు. ఆ కుక్క ఎవడో కనుక్కుని నాకు రాయి. మిగతాది నేను చూసుకుంటా.

మామిడికాయలు పంపుతున్నా, సగం పచ్చివి. ఉప్పు వేసుకుని తిను, నోరు బాగుపడుతుంది.

యులాలీ

*

గరువా-బులాయి,
2008 ఏప్రిల్ 14

అక్కకి,

మామిడికాయలు అందాయి. నువ్వు అడిగిన విషయం వాకబు చేశాను. ఎవరో సముద్రతీరం వైపు నుంచి వచ్చిన డ్రైవరట. వాళ్ళకి సోరే గురించి ఏం తెలుసు, వాళ్ళకది పొయ్యిలో పుల్ల. తెలియక చేసి ఉంటాడు. పేరు తెలియదు. ఇక వదిలెయ్యమని నా మాట.

నా ఉత్తరాలు గుడిలో చదవకక్కా. నాకు సిగ్గు.

పెలాజీ లేచి తిరుగుతోందా?

సబ్బులు ఆరు పంపుతున్నాను, మంచి వాసనవి.

బర్నబే

*

బువార్,
2008 మే 6

బర్నబే,

నీ క్షేమం అడగడం కూడా మర్చిపోయాను, ఏమీ అనుకోకు.

నువ్వు రాసినమాట నేను దోకో అవ్వ అల్లుడికి చెప్పాను. అతను పెలాజీని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. "తీరం వాడట నాయనా, తెలియక చేశాడట, మనసులో పెట్టుకోకు" అన్నాను. ఓదార్చాననుకున్నాను. నా నోరు పడిపోను! అతను ఆ మాట ఊరికి మోసుకెళ్ళాడు. వారం తిరక్కుండా బెదోవా మగాళ్ళు రోడ్డు మీద ఒక తీరం డ్రైవర్ని ఆపారు. ఆకుపచ్చ టార్పాలిన్. కిందికి లాగి చావబాదారు. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది, పళ్ళు మూడు ఊడాయి. ఇప్పుడు నా ఆసుపత్రిలోనే ఉన్నాడు. పేరు ఎమీలియెన్.

నేను కట్టు మారుస్తుంటే చిన్నపిల్లాడిలా ఏడుస్తూ అంటాడు కదా, "నేను కాదమ్మా. మార్చి నెలంతా నా లారీ తీరాన దువాలాలో ఇంజను విప్పి పడేసుంది. గరువా-బులాయిలో బర్నబే అని ఉన్నాడు, మీ జాతివాడే, మంచివాడు, మేమిద్దరం ఒకే గిన్నెలో తింటాం. అతన్ని అడగండి, నేను కాదని అతనే చెప్తాడు."

నేను నీ అక్కనని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

ఎవరు చెప్పారు నీకు తీరం వాడని? పేరు రాయి. ఊరికే నోటికొచ్చింది రాశావా? రాసి ఉంటే అదే చెప్పు. ఒక మనిషి చెయ్యి విరిగింది.

యులాలీ

*

గరువా-బులాయి,
2008 మే 11

అక్కా,

నేనే.

ఈ రెండక్షరాలు రాయడానికి రెండు నెలలు పట్టింది. ఎమీలియెన్ చెయ్యి విరక్కపోతే ఇప్పుడు కూడా రాసేవాణ్ణి కాదేమో. అది కూడా నీకు తెలియాలి.

ముందు రెండు లారీలూ వెళ్ళిపోయాయి, నాది మూడోది. ఆవిడ గడ్డిలోంచి వచ్చింది. కొమ్మ రోడ్డు మీద పెట్టింది. పెట్టి చేతులు కట్టుకుని పక్కకి నుంచుంది. ఊపలేదు, అరవలేదు, బతిమాలలేదు. సోరే పెట్టాక ఇంకెందుకు అరవడం అన్నట్టు నుంచుంది. నాకు రాత్రీ పగలూ కనపడేది అదే. ఇక ఆగుతాడులే అని ఆవిడ మొహం కుదుటపడింది. అది నేను చూశాను.

సైకిలు చూశాను. పక్కన పడుకున్న పిల్లని చూశాను, పొట్ట చూశాను. చూడలేదని రాయొచ్చు, కానీ ఇప్పటికే చాలా రాశాను.

నా కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. వెళ్ళి, వెనక్కి వచ్చింది. గడ్డి ఎత్తుగా ఉంది, అందులో తుపాకులున్నాయనిపించింది. తోమా సంగతి, వాడి వెనక డ్రైవరు సంగతి గుర్తొచ్చాయి. నువ్వు చెప్పావని ఆగలేదని రాశాను కదా, అది అబద్ధం. ఆ క్షణంలో నువ్వు గుర్తే లేవు. భయమేసి ఆగలేదు. నీ మాట తర్వాత దొరికింది, దాన్ని కప్పుకున్నాను.

లారీ వెనక మూటల మీద జనంతో కూర్చున్న ముసలాయన ఒకడు క్యాబిన్ మీద బాదాడు, "ఆపరా, సోరేరా, ఆపు!" అని. ఇంకా గట్టిగా తోలాను. బువార్‌లో జనం దిగిపోయారు. ఆ ముసలాయన కిటికీ దగ్గరికొచ్చి, "నీకు తల్లి ఉందా?" అన్నాడు. లేదన్నాను. "అదీ సంగతి" అని వెళ్ళిపోయాడు. అందుకే మీ ఇంటికి రాలేదక్కా. నువ్వు గుమ్మంలో నుంచుని ఉంటావు, నా మొహం చూసి కనిపెట్టేస్తావు.

తర్వాత నువ్వు చప్పట్ల సంగతి రాశావు. అమ్మ సమాధి మీద ఒట్టు పెట్టానని రాశావు. ఇక నిజం ఎలా చెప్పను? ఎవడో ఒకడు కావాలి కదా అని తీరం వాడన్నాను. ఊరూ పేరూ లేనివాడు, వాడికేం నష్టం అనుకున్నాను. ఎమీలియెన్ గుర్తు రాలేదు. వాడు పోయిన క్రిస్మస్‌కి తన కోడిలో తొడముక్క నాకు పెట్టాడు.

నన్నేం చెయ్యాలో నువ్వే చెప్పు. ఏం చెయ్యమన్నా చేస్తాను. పారిపొమ్మన్నా పారిపోతాను, అది నాకు బాగా వచ్చు.

బర్నబే

*

బువార్,
2008 మే 23

బర్నబే,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్ళీ ముక్కలేరుకుని కర్రపెండలం గంజితో అతికించుకున్నాను. ఎన్నిసార్లు చదివినా అదే ఉంది.

కొమ్మలు తొక్కించమన్నది నేనే. కాదనను. కానీ సోరే కొమ్మని ఎవరైనా కొమ్మ అంటారట్రా? సోరేని తొక్కకు అని విడిగా చెప్పలేదు నిజమే. అన్నం నోట్లో పెట్టుకోమని కూడా నీకు విడిగా చెప్పలేదు. నా వీపున పెరిగినవాడికి చెప్పాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ ముసలాయన మాట నీకు తగిలిందో లేదో గానీ నాకు తగిలింది. తల్లి లేదన్నావు. మరి నేనెవర్ని?

ఎమీలియెన్ మంచం దగ్గర కూర్చుని అంతా చెప్పాను. నేను నీ అక్కనని కూడా చెప్పాను. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అటువైపు నుంచే, "మంచినీళ్ళివ్వండి" అన్నాడు. ఇచ్చాను. నా చేతిలోంచి తాగాడు, ఇచ్చేందుకు వేరే చెయ్యి లేదు కాబట్టి.

ఆదివారం గుడిలో మళ్ళీ లేచాను. "నేను చదివిన ఉత్తరం గుర్తుందిగా, సోరే తొక్కినవాడు వాడే. నేను మా అమ్మ సమాధి మీద తప్పుడు ఒట్టు పెట్టాను. దుఃఖంలో ఉన్న మనిషిని మీ అందరి ముందూ కసిరి కూర్చోబెట్టాను" అన్నాను. కాన్పులు చేసి ఈ ఊళ్ళో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన చేతులు నావి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బెంచీ కింద దాచుకున్నాను.

మంగళవారం లారీ ఎక్కి బెదోవా వెళ్ళాను. అవును, అదే రోడ్డు మీద, ఒక్కదాన్నే. దోకో అవ్వ వేరుశనగ ఒలుస్తోంది. కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. ఒలుస్తూనే వింది. అయ్యాక, "రావాల్సింది నువ్వు కాదుగా" అంది. అంతే. నాకు తినడానికి గుప్పెడు పల్లీలిచ్చి పంపింది. తిట్టినా బాగుండేది.

అందుకని, పారిపోవడం కుదరదు. మేనమామని వెంటబెట్టుకుని పట్టపగలు బెదోవా రా. సోరే తొక్కినవాణ్ణి సోరే ఆకుల నీళ్ళతో కడగకుండా ఊరు వదలదు, కడిగించుకోకుండా నువ్వు బతకలేవు. వాళ్ళు కొడితే కొట్టించుకో. నేను ఊరి మొదట్లో నుంచుంటాను. ముందు మాత్రం ఎమీలియెన్ దగ్గరికి వెళ్ళు.

నాకింకా నీ మీద కోపం తగ్గలేదు. దగ్గు మళ్ళీ వచ్చిందని విన్నాను, తేనె పంపుతున్నాను.

అక్క

*

గరువా-బులాయి,
2008 ఆగస్టు 30

అక్కా,

దండాలు. జూన్‌లో జరిగింది నువ్వు కళ్ళారా చూశావు, మళ్ళీ రాయను. ఎవరూ కొట్టలేదు. ఊరి పెద్ద సోరే ఆకులు నానబెట్టిన నీళ్ళతో నా చేతులూ మొహం కడిగాడు, దోకో అవ్వ చేతులు కూడా అదే నీళ్ళతో కడిగాడు. అవ్వా నేనూ ఒకే గిన్నెలో తిన్నాం. పెలాజీ గుడిసెలోంచి బయటికి రాలేదు. ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదన్నారు. నువ్వు ఏడుస్తూ, అయిపోయిందిరా అన్నావు.

అయిపోయిందో లేదో నీకు చెప్పాలనే ఇది రాస్తున్నా.

ఎమీలియెన్ స్టాండుకి తిరిగొచ్చాడు. చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది, గేరు వెయ్యడానికి భుజం మొత్తం కదపాలి. నన్ను చూస్తే పలకరిస్తాడు. "బర్నబే, బాగున్నావా?" అంటాడు. తన గిన్నె తీసుకెళ్ళి అటుచివర కూర్చుని తింటాడు.

జూన్ నుంచి ఆ రోడ్డు మీద తొమ్మిది సార్లు తిరిగాను. ప్రతిసారీ బెదోవా దగ్గర వేగం తగ్గిస్తాను. ఊళ్ళోవాళ్ళు మాట తప్పలేదక్కా, ఒక్కరూ ఆ సంగతి ఎత్తలేదు. పేరు పెట్టి పిలుస్తారు, అక్క ఎలా ఉందని అడుగుతారు. కానీ నా లారీ చప్పుడు వినపడగానే ఆడవాళ్ళు పిల్లల రెక్క పట్టుకుని గడ్డిలోకి దిగుతారు. రోడ్డు అంచున కాదు, మొలలోతు గడ్డిలోకి. నేను పోయాక మళ్ళీ ఎక్కుతారు. వేరే లారీలకి చెయ్యి ఊపుతారు. నాకు ఊపరు.

పోయిన శనివారం ఊరు దాటగానే దోకో అవ్వ ఒక్కతే కనపడింది. బబువా సంతకి బయల్దేరింది, నెత్తిన కర్రపెండలం మూట. వాన కురిసి బురదగా ఉంది. ఆపాను. దిగాను.

"ఎక్కు అవ్వా, నేనూ అటే."

"వద్దులే నాయనా. నడుస్తా."

"దూరం అవ్వా. మూట బరువుగా ఉంది."

"నా మూట బరువు నాకు తెలుసు."

కోపంగా అనలేదు. మామూలుగానే అంది. అంటూనే నడుస్తోంది. నేను ఎక్కి, మొదటి గేరులో ఆవిడ వెనకే నెమ్మదిగా పోనిచ్చాను. ఇంత నెమ్మదిగా ఆ రోడ్డు మీద ఏ డ్రైవరూ పోడు, దొంగలకి విస్తరేసి పిలిచినట్టే. నాకు తెలుసు. వెనకాల మూటల మీద జనం గోల మొదలెట్టారు. "ఏరా, లారీ తోలుతున్నావా, శవయాత్ర చేస్తున్నావా?" అన్నాడొకడు. నేను వినిపించుకోలేదు. రెండువైపులా గడ్డి అలాగే ఎత్తుగా ఉంది, నాకు చెమటలు పోశాయి. అయినా ఆవిడ ఎక్కకపోతే పక్కనైనా ఉందామనుకున్నాను. వాగు దాకా, అంటే ఇంచుమించు గంటసేపు, అలా నడిచాం.

వాగు దగ్గర ఆవిడ ఆగింది. మూట దించలేదు. వెనక్కి తిరిగి నా కిటికీ దాకా వచ్చింది. ఎక్కుతుందనుకుని తలుపు తీశాను.

"నాయనా, నువ్వు వెనకుంటే నాకు నడక సాగడం లేదు," అంది. "ఎక్కడ తొక్కుతావోనని మాటిమాటికీ వెనక్కి చూడాల్సి వస్తోంది. ముందుకి పో."

తలుపు వేసుకున్నాను. ఆవిడ మూటతో సహా గడ్డిలోకి దిగి నుంచుంది. నేను ముందుకి పోయాను.

అక్కా, ఈసారి ఆవిడే పొమ్మంది.

నీ తమ్ముడు,
బర్నబే